ఓబులమ్మ రాయి మీది ఎం.ఏ.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే పొద్దుటి బస్సులో కుడి పక్క కిటికీ సీటు రాజరత్నం అయ్యవారిది. ఆ సీటు మీద ఆయన పేరేమీ రాసి లేదు. కానీ ఏళ్ల తరబడి ఆయన తల ఆనించి నిద్రపోగా నిద్రపోగా, కిటికీకి ఉన్న ఇనుప కమ్మీ ఆయన కణత ఆకారానికి బయటికి వంగిపోయిందని కండక్టరు పుల్లయ్య కొత్తగా ఎక్కినవాళ్లకు చూపించేవాడు. నమ్మనివాళ్లను తల పెట్టి చూసుకొమ్మనేవాడు. పెట్టి చూసినవాళ్లెవరికీ అది కుదరలేదు.

ఆ బస్సు మహా నిదానం. శిరివెళ్లలో ఎక్కిన కోడిపెట్ట ఒకటి ఆళ్లగడ్డ చేరేలోపల గుడ్డు పెట్టిందనీ, ఆ గుడ్డు కోడిగలామెదా బస్సుదా అనే తగాదా తెగకముందే అది పిల్లయిందనీ ఆ దోవ వెంబడి ఊళ్లలో చెప్పుకొనేవాళ్లు. పిల్లను చూసినవాళ్లు లేరు గానీ గుడ్డు మాత్రం నిజం. బస్సు అంత నిదానం కాబట్టే రాజరత్నం ఒళ్లో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పెట్టుకొని కూచునేవాడు. ఐరోపా చరిత్ర. దాని అట్ట ఊడిపోతే ఆయన భార్య రూతు పాత చీర పేలిక వేసి కుట్టి ఇచ్చింది. నంద్యాల స్టాండులో పుస్తకం తెరిచేవాడు. ఫ్రాన్సు దేశంలో జనం రొట్టెల కోసం వీధుల్లోకి వచ్చేవాళ్లు. రాజును పట్టుకొనేవాళ్లు. ఇంక కొన్ని పేజీలు తిప్పితే రాజు తల తెగుతుందనగా అయ్యవారి తల కమ్మీ మీదికి వాలేది. ఎన్నాళ్లు తిరిగినా ఆ బస్సులో ఆ రాజుకు చావు రాలేదు.

"అయ్యవారూ, ఆళ్లగడ్డ!" అని పుల్లయ్య భుజం తట్టేవాడు. తట్టడం మరిచిపోయిన రోజు అయ్యవారు చాగలమర్రిలో కళ్లు తెరిచి, ఎదురు బస్సు పట్టుకొని వెనక్కి వచ్చేవాడు.

ఆళ్లగడ్డ హైస్కూల్లో ఆయన చరిత్ర చెప్పేవాడు. కాపురం మాత్రం నంద్యాలలో, మిషన్ కాంపౌండు వెనక సందులో. రూతు అక్కడి ఆడపిల్లల బళ్లో టీచరు. పైగా తల్లి ఓబులమ్మ ఆ కాంపౌండు గోడ కనబడని చోట ఉండనంటే ఉండనంటుంది. ఓబులమ్మ ఆ మిషన్ బోర్డింగులో వంటమనిషి. మొగుడు వయసులోనే పోతే, బోర్డింగు పిల్లలకు సంగటి కెలుకుతూ, ఆ సంగటి ఆవిరిలోనే కొడుకును పెంచి అనంతపురం పంపి బి.ఏ. చదివించింది. ఆమె కెలికిన సంగటి ముద్దను పిల్లలు గోడకు కొడితే, గోడ సొట్టపడింది గానీ ముద్ద చెక్కుచెదరలేదని బోర్డింగులో చదివిన ముసలమ్మలు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

కర్నూలు రాజధాని అయిన ఏడు ఊళ్లో అందరికీ ఏదో ఒక ఆశ పుట్టింది. రాజధాని వచ్చిందంటే కాలేజీలు వస్తాయి, కాలేజీలు వస్తే లెక్చరర్లు కావాలి, లెక్చరర్లు కావాలంటే ఎం.ఏ.లు కావాలి. ఆ ముక్క ఒక ఆదివారం గుడి అయిపోయాక పాస్టరు సుందరరాజుగారు అన్నాడు. టీచర్లు ఉద్యోగం మానకుండా, ఇంట్లోనే చదువుకొని ఎం.ఏ. పరీక్ష రాయవచ్చునట. రాజరత్నం ఊరికే తలూపి, "రాస్తే బాగుంటుంది" అన్నాడు. ఆ ఊపిన తల, అన్న మాట రెండూ పక్కనే నిలబడిన ఓబులమ్మ పట్టుకొంది. ఆమె ఏదైనా పట్టుకొంటే వదిలే మనిషి కాదు.

ఆ విధంగా రాజరత్నం చరిత్రలో ఎం.ఏ. మొదలుపెట్టాడు. పొద్దున బస్సులో చదివేవాడు, సాయంత్రం బస్సులో చదివేవాడు, మధ్యలో బళ్లో అశోకుడి గురించి చెబుతూ నోరు మూసుకొని ఆవులించడం నేర్చుకొన్నాడు. ఎట్లాగో మొదటి భాగం గట్టెక్కాడు.

గట్టెక్కిన సంబరంలో ఓబులమ్మ, ఆళ్లగడ్డ సంత నాడు, తానూ బస్సెక్కింది. కొడుకు పెళ్లప్పుడు తప్ప వంట మానని మనిషి సెలవు పెట్టి బస్సెక్కిందంటే ఏదో ఉందని రాజరత్నం అనుకొన్నాడు గానీ, ఏముందో అడిగేలోపలే నిద్రపట్టింది. ఆళ్లగడ్డలో దిగి ఆమె సంతలోకి పోలేదు. కొడుకును వెంటబెట్టుకొని, రోడ్డు పక్కన శిల్పాలు చెక్కే కొట్టాల వైపు నడిచింది. శేషాచారి అనే శిల్పి కొట్టం ముందు ఆగింది. లోపల సగం చెక్కిన దేవుళ్లు నిలబడి ఉన్నారు, కొందరు పండుకొని ఉన్నారు. ఆచారి ఆమెను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కొట్టం అంచున ఒక చదును రాయి చూపించాడు. ఆమె కూచుంది.

"ఏమవ్వా, దేవుణ్ణి చేయించుకోవల్నా?" అన్నాడు.

"మా దేవునికి బొమ్మ లేదులేప్పా. నాకే ఒక రాయి కావాల. సమాధి మీద పెట్టేది."

ఆచారి ఉలి కింద పెట్టాడు. "నీకా? నువ్వు బతికే ఉండావే!"

"సచ్చినంక నేనెట్ల వస్తా ఆళ్లగడ్డకు? బేరమాడేదెవరు? మావోడా? వాడు వంకాయలకే బేరమాడలేడు."

రాజరత్నం తలవంచుకొన్నాడు. వంకాయల సంగతి నిజమే.

"సరే, ఏం కొట్టాల?" అన్నాడు ఆచారి.

"ఓబులమ్మ అని కొట్టు. దాని కింద, రాజరత్నం ఎం.ఏ. తల్లి అని కొట్టు. ఆ ఎం.ఏ. బాగా లోతుగా కొట్టు."

"అమ్మా!" అన్నాడు రాజరత్నం. "నేనింకా పాస్ కాలేదు గదమ్మా. సగమే అయింది."

"నేనింకా సావలేదు గదప్పా. రెండూ జరిగేటివే. ఏది ముందో ఏది ఎనకో రాయికేం తెల్సు?"

కొడుకు సాయం కోసం ఆచారి ముఖం చూశాడు. ఆచారి మాత్రం ఆమె మాటలో తప్పేమీ కనబడనట్లు గడ్డం గోక్కున్నాడు. "అవ్వ చెప్పేది న్యాయమే అయ్యవారూ. గుడి గోడ లేయకముందే మేము దేవుణ్ణి చేసి పెడతాం. దేవుడొచ్చి కూచున్నంక గుడి తనంతకు తానే లేస్తాది."

కొన్నాళ్లకు రాయి తయారైంది. నల్లగా, నున్నగా, పక్కన నిలబడితే ముఖం కనబడేంత నిగనిగలాడుతూ. ఇచ్చే ముందు ఆచారి వాళ్ల పద్ధతి ప్రకారం రాతికి పసుపు పూసి, తమలపాకు పెట్టాడు. "మాకు పసుపు బొట్టు లేవప్పా" అంది ఓబులమ్మ. "రాతికి గదవ్వా, నీకు కాదు" అన్నాడు ఆచారి. ఆ జవాబు ఆమెకు నచ్చింది.

"అయ్యవారూ, బాగా చదివి చూసుకోండి" అన్నాడు తర్వాత. "ఇప్పుడు అప్పగిస్తాండా. అప్పగించినంక దానికీ నా ఉలికీ రుణం తీరినట్టే. మళ్లా ఉలి తాకిందంటే అది ఖండితం. నీళ్లలో వేయాల్సిందే. మా తాతల నాటి నుంచి ఇదే పద్ధతి."

రాజరత్నం చదివాడు. అన్ని అక్షరాలూ ఉన్నాయి. ఒక్క ఎం.ఏ. తప్ప అన్నీ నిజమే. రాయి మిరపకాయల బస్తాల నడుమ బస్సు టాపు మీద కూచొని నంద్యాల చేరింది. శవానికైతే పూర్తి టికెట్టు తీసుకొనేవాణ్ణనీ, ఉత్త రాయి గనుక వదిలేశాననీ పుల్లయ్య తర్వాత చాలా మందికి చెప్పుకొన్నాడు.

ఇంటి పెరట్లో, వాడిన నీళ్లు పోయే జలదారి పక్కన గోడకు రాతిని ఆనించారు. ఓబులమ్మ దాని పక్కనే పీట వేసుకొని బియ్యంలో మట్టిబెడ్డలు ఏరేది. శనివారం శనివారం కొబ్బరిపీచుతో అక్షరాలు రుద్దేది. ఎం.ఏ.కు రెండో తడవ కూడా పట్టించేది. పక్కింటివాళ్లు, బోర్డింగు పిల్లలు, పాలు పోయడానికి వచ్చి పోయేవాళ్లు అందరూ అది చదివారు. చదువు రానివాళ్లు వచ్చినవాళ్లతో చదివించుకొన్నారు. నెల తిరిగేలోపల నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ రాజరత్నం పేరు పోయి, ఎమ్మే అయ్యవారు అనే పేరు స్థిరపడింది. రాతి మీద ఉన్నదాన్ని ఎవరు కాదంటారు?

కాదన్నది పరీక్ష ఒక్కటే.

రెండో భాగం రాయడానికి తిరుపతిలో కొత్తగా వెలసిన యూనివర్సిటీకి పోవాలి. కడప దాకా బస్సు, అక్కడి నుంచి రేణిగుంటకు రైలు, రేణిగుంటలో మళ్లీ దిగి ఎక్కడం. దోవ పొడుగునా రాజరత్నం చదువుతూనే పోయేవాడు. సత్రంలో దిగి మళ్లీ చదివేవాడు. పొద్దుటి పేపర్లు ఎట్లాగో రాసేవాడు. ఐరోపా చరిత్ర మాత్రం ఎప్పుడూ మధ్యాహ్నమే పడేది. హోటల్లో అన్నం తిని, ఫ్యాను కింద కూచొని, ప్రశ్న పత్రం చేతికి తీసుకొనేవాడు. జనం రొట్టెల కోసం వీధుల్లోకి వచ్చేవాళ్లు. రాజును పట్టుకొనేవాళ్లు. అంతే.

మొదటిసారి, హాలులో తిరిగే ముసలి మాస్టారు వచ్చి భుజం తట్టాడు. రాజరత్నం ఉలిక్కిపడి లేచి, "ఆళ్లగడ్డ వచ్చిందా?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ దోవ బస్సుల నిదానం ఎరిగినవాడు కాబట్టి ఆ ముసలాయన నవ్వలేదు. "ఇంకా లేదు నాయనా, రాసుకో" అన్నాడు. రాసుకోవడానికి అప్పటికి కాలం మిగల్లేదు.

ఒక్క పేపరు పోతే భాగమంతా మళ్లీ రాయాలి. మరుసటి ఏడు మళ్లీ రాశాడు. మళ్లీ ఫ్యాను, మళ్లీ రొట్టెలు, మళ్లీ ఆళ్లగడ్డ.

ఈ లోపల కర్నూలు నుంచి రాజధాని లేచి హైదరాబాదు పోయింది. వస్తాయన్న కాలేజీలు రాలేదు. చదువుకు ఉన్న కారణం పోయింది గానీ చదువు పోలేదు, ఎందుకంటే పెరట్లో రాయి ఉంది. ఊళ్లో మాత్రం వేరే మాట పుట్టింది. పాసయితే ముసలామె నిశ్చింతగా పోతుందని, ఆమె పోకూడదనే కొడుకు పనిగట్టుకొని ఫెయిలవుతున్నాడని.

"ఏం కొడుకప్పా!" అన్నాడు పుల్లయ్య ఒక పొద్దున, టికెట్టు చించుతూ. "మా ఓడుండాడు, నేను పోతే పీడ పోయిందంటాడు. నువ్వు సూడు, అమ్మ కోసం ఏటేటా ఫెయిలవుతాండావ్."

"ఊరికే ఫెయిలవుతాండా పుల్లయ్యా" అన్నాడు రాజరత్నం.

"పెద్ద మనసున్నోళ్లు అట్లే అంటారులే."

పాస్టరు సుందరరాజుగారు తల్లిదండ్రులను సన్మానించడం గురించి ప్రసంగిస్తూ, ఒక ఆదివారం, రాజరత్నం కూచున్న బల్ల వైపు చాలాసేపు చూశాడు. ఆ సమయానికి రాజరత్నం నిద్రపోతున్నాడు.

నిద్రపోతున్నాడంటే హాయిగా అని కాదు. మనిషి ఎండిపోయాడు. కణత మీద కమ్మీ వేసిన మచ్చ నల్లగా పడిపోయింది. బళ్లో హాజరు పిలుస్తూ, పిల్లవాడు పలికితే "నెపోలియన్" అని టిక్కు పెట్టేవాడు. ఇంట్లో రూతు అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూచొనేది, కంచంలో చెయ్యి పెట్టుకొని నిద్రపోతాడని. తల్లి పోయేలోపల ఆ రెండు అక్షరాలు నిజం కాకపోతే ఒక అబద్ధాన్ని ఆమె నెత్తిమీద నిలబెట్టి పూడ్చాలి. నిజం చేద్దామంటే చేతకావడం లేదు. మూడో తడవ పరీక్షకు ఫీజు కట్టిన వారమే, ఇంక తన వల్ల కాదని ఆయనకు అర్థమైపోయింది.

ఆ సాయంత్రం బడి వదలగానే శేషాచారి కొట్టానికి పోయాడు.

"ఆచారీ, ఆ రాతి మీద ఎం.ఏ. తీసేయాల."

ఆచారి ఒక వినాయకుడి తొండం నున్న చేస్తున్నాడు. చెయ్యి ఆపలేదు. "తీసేది లేదు."

"పొరపాటున కొట్టిన అక్షరాలప్పా. అది నిజం కాదు."

"నిజమా అబద్ధమా అని నేను అడగలే అయ్యవారూ. అప్పగించినా. మీరు చదివినారు, సరే అన్నారు. అవ్వ తీసుకున్నాది. ఇంక ఉలి పెడితే ఖండితం."

"అది సమాధి రాయి, దేవుడి విగ్రహం కాదు గదా?"

ఆచారి అప్పుడు తలెత్తాడు. చిన్నబుచ్చుకొన్నట్లు కనబడ్డాడు. "మీ రాతికొక ఉలి, మా దేవునికొక ఉలి నా దగ్గర లేవు. ఒకటే ఉండాది."

రాజరత్నం అక్కడే కూలబడ్డాడు. తల్లి అప్పుడు కూచున్న చదును రాతి మీదే. కాసేపటికి ఆయనకు ఇంకో సంగతి తోచింది. "మరి ఆమె పోయిన తారీకు? అది కొట్టలేదు గదా. అదైనా తర్వాత కొట్టాల గదా?"

"ముందే చెప్పింటే కొట్టింటి" అన్నాడు ఆచారి.

రాజరత్నం లేవబోయి మళ్లీ ఆ రాతి మీదే కూచున్నాడు. ఆచారికి జాలేసినట్లుంది. "ఒక పని చేయండి. పాతది కుందూ ఏట్లో వేసేయండి. కొత్తది కొట్టి ఇస్తా, ఏం కావాలంటే అది రాసి. కానీ అవ్వ నోటితో సరే అనాల. రాయి ఆమెది."

ఆదివారం గుడి నుంచి వచ్చాక, పెరట్లో తల్లి పక్కన కూచొని ఆయన ఎంతసేపటికీ నోరు తెరవలేదు. ఓబులమ్మ బియ్యం ఏరుతోంది. రూతు వంటింటి గడపలో నిలబడి చూసి చూసి, "చెప్పు, నువ్వు చెప్పకుంటే నేను చెప్తా" అంది.

"అమ్మా, నేను చదవలేనమ్మా. అలుపొచ్చింది. ఆ రాయి తీసేసి, ఎం.ఏ. లేకుండా ఇంకొకటి చేయిద్దాం."

ఓబులమ్మ చేట ఆపింది. అరుస్తుందనుకొన్నాడు. అరవలేదు.

"లెక్చరరు పని ఇంక రాదమ్మా" అన్నాడు. "రాజధానే పాయె."

"లెక్చరరు పని ఎవురికి కావాల?" అంది ఆమె. "నాకు తెల్సా ఆ పనేందో?"

"మరి ఎందుకమ్మా ఇన్నాళ్లూ..."

ఓబులమ్మ కాంపౌండు గోడ వైపు చెయ్యి చూపించింది. ఆ గోడ అవతల సమాధుల తోట. వంట అయ్యాక దాన్ని ఊడ్చి, రాళ్లు తుడిచేది కూడా ఆమె పనే.

"దొరల రాళ్లు తుడిచి తుడిచి చూసినా నాయనా. ఒట్టి పేరు రాసి ఊరుకోలా. పేరెనక ఇంకా ఏందో ఉంటాది. పెద్ద దొరసానిని ఒగసారి అడిగితి, మీ అక్క రాతి మీద ఇదేందమ్మా అని. ఎం.ఏ. అనింది. అప్పుడే నాకు తెలిసిపాయె. కడాపటి దినాన బూర ఊది సచ్చినోళ్లను పిలుస్తారు గదా, పేరొకటే సాలదు. ఈ తాలూకాలో ఓబులమ్మలు ఎందరుండారు? ఓబులమ్మా అని పిలిస్తే ఊర్లకు ఊర్లు లేసి నిలబడతాయి. నేను యాడనో ఎనక పడిపోతా. రాజరత్నం ఎం.ఏ. తల్లి అంటే నేనొక్కదాన్నే."

రాజరత్నానికి నవ్వొచ్చింది. అది గొంతులోకి రాకముందే ఆగిపోయింది, ఎందుకంటే ఆమె ఇంకా అయిపోలేదు.

"మీ నాయనకు రాయే లేదు. అప్పుడు మనకేముండె? గోడ పక్కన యాడ పండుకొన్నాడో నాకు తప్ప ఎవురికీ తెలీదు. దేవునికి తెల్సులే, కానీ ఆయనకు ఎన్ని పనులు! నేను ముందు లేస్తే ఆయన్ని తట్టి లేపుకొంటా గదా. అందుకని."

జలదారి దగ్గర కోడి ఒకటి గింజల కోసం గీరుతోంది.

"అమ్మా, దేవుడికి ఎం.ఏ. అక్కరలేదమ్మా" అన్నాడు చివరికి.

"నీకెట్ల తెల్సు? నువ్వు పాస్ కాలేదు గదా."

"అత్తా" అంది రూతు. ఆమె గొంతు గట్టిగా ఉంది. "ఆయన మొగం చూడు. బాగా చూడు."

ఓబులమ్మ చూసింది. కొడుకు పొద్దున పోయేటప్పుడు వీపు, సాయంత్రం వచ్చేటప్పుడు పుస్తకం, ఇన్నేళ్లూ ఆమె చూసినవి అవే. వేలు చాపి కణత మీది మచ్చ తాకింది. "ఇదేంది?"

"బస్సు కమ్మీ."

ఆమె వేలు తియ్యలేదు. చాలాసేపు ఆ మచ్చను బొటనవేలితో రుద్దింది, రాతి మీద అక్షరాలను రుద్దినట్లే. అది పోలేదు.

"సాల్లేప్పా" అంది. "ఆ రాయి కుందూలో ఏయించు. ఉత్త ఓబులమ్మ అని రాయించు, సాలు."

"మరి నిన్ను ఎనక పిలిస్తే?"

ఓబులమ్మ చేట ఒళ్లోకి లాక్కొని ఆలోచించింది. నోట్లో పోకచెక్క ఈ చెంప నుంచి ఆ చెంపకు మారింది.

"యాడైనా వంటోళ్లనే గదప్పా ముందు లేపేది" అంది. "అంతమంది లేసి కూచుంటే సంగటి ఎవురు చేస్తారు?"

ఆ మధ్యాహ్నం పడుకొన్న రాజరత్నం మర్నాడు పొద్దెక్కినా లేవలేదు. సోమవారం బస్సులో కుడి పక్క కిటికీ సీటు ఖాళీగా చూసి, ఓబులమ్మ పోయిందనుకొని పుల్లయ్య బస్సు ఆపించి మనిషిని పంపాడు. ఆ మనిషికి ఓబులమ్మే ఎదురొచ్చి, "మావోడు పండుకోనుండాడు, మీరు పోండి" అని చెప్పి తలుపేసింది. ఆ వారమంతా ఆయన బస్సులో నిద్రపోలేదు. కమ్మీ తనంతట తాను మళ్లీ తిన్నగా అయిందని పుల్లయ్య చెప్పేవాడు.

రాతిని కుందూకు తోలించడానికి బండి దొరకలేదు. దొరికిన ఒక్క బండినీ రూతే వెనక్కి పంపిందని తర్వాత తెలిసింది. ఈలోపల పరీక్ష వచ్చింది. "ఫీజు కట్టినాం గదా, పోయి రా" అంది రూతు. "నాలుగు రోజులు సత్రంలో పండుకున్నట్లయినా ఉంటాది." పుస్తకం సంచిలో పెట్టబోతే ఆమే లాగేసుకొంది. దోవ పొడుగునా రాజరత్నం కిటికీలోంచి సజ్జచేలు చూస్తూ పోయాడు. రైల్లో నిద్రపోయాడు. సత్రంలో ఇంకెవరో కుర్రవాళ్లు గోడకు ఆనుకొని బట్టీ పడుతుంటే, వాళ్ల నడుమ దుప్పటి కప్పుకొని నిద్రపోయాడు.

మధ్యాహ్నం ఐరోపా చరిత్ర. ఫ్యాను తిరుగుతోంది. జనం రొట్టెల కోసం వీధుల్లోకి వచ్చారు. ఆకలేస్తే జనం ఎట్లా వస్తారో, పెద్ద గంగాళం దగ్గర ఎట్లా తోసుకొంటారో ఆయనకు బోర్డింగు వంటింట్లో చిన్నప్పుడే తెలుసు. ఆ తెలిసిందే రాశాడు. రాజును పట్టుకొన్నారు. ఇంక తల వాలుతుందేమోనని కాసేపు కలం ఆపి చూశాడు. వాలలేదు. రాజు తల తెగింది. అక్కడి నుంచి మిగతాదంతా నడిచి వచ్చేసింది. ముసలి మాస్టారు పక్క నుంచి పోతూ ఆయన మేలుకొని ఉండడం చూసి ఆగి, "బాగుండావా నాయనా?" అన్నాడు.

ఫలితాలు వచ్చిన దినం ఆయన నంబరు పేపర్లో మూడో తరగతి వరసలో పడింది. రాజరత్నం పేపరు పట్టుకొని పెరట్లోకి వచ్చాడు. పరిగెత్తి రావలసిన సంగతే. కానీ ఆయన మామూలుగా నడిచే వచ్చాడు. అప్పటికే అంత సంతోషపడే ఓపిక మిగల్లేదు.

"అమ్మా, అయింది."

"ఏమయింది?"

"ఎం.ఏ."

ఓబులమ్మ లేచింది. కొడుకు తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకొని ఏదో ప్రార్థన గొణిగింది. కొబ్బరిపీచు తీసుకొని రాతి దగ్గరికి పోయి, ఆ రెండు అక్షరాలను ఒకసారి, మళ్లీ ఒకసారి తోమింది. అట్లా తోముతూ తోముతూ చెయ్యి ఆపింది. అక్షరాల పక్కన నున్నటి నల్లరాయి మీద అరచెయ్యి పరిచి చూసింది.

"ఈడ ఇంకా శానా జాగా ఉంది గదప్పా" అంది. "పెద్ద దొర రాతి మీద ఇంకా పొడుగుండె. ఎం.ఏ. అయినంక ఇంకేందో ఉండె. అదేంది?"

అది ఎం.ఏ. కన్నా పెద్ద డిగ్రీ అని రాజరత్నానికి బాగా తెలుసు. కణత మీది మచ్చ ఒక్కసారి జిల్లుమంది. అంతలో ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఎం.ఏ. పాసైనప్పుడు రాని సంతోషం అప్పుడు వచ్చింది.

"అమ్మా! ఆచారి ఉలి పెట్టడమ్మా!" అని అరిచాడు. "అప్పగించినంక పెట్టడు! వాళ్ల తాతల నాటి నుంచి పద్ధతి!"

వంటింట్లో రూతు గట్టిగా నవ్వడం వినబడింది. ఓబులమ్మ మాత్రం ఆ రాతిని అనుమానంగా చూస్తూనే ఉండిపోయింది.

మూడో తరగతి ఎం.ఏ.ను ఏ కాలేజీ పిలవలేదు. రాజరత్నం అదే బస్సులో, అదే సీటులో, అదే బడికి పోతూ వచ్చాడు. ఒళ్లో పుస్తకం లేదు, అంతే తేడా. ఓబులమ్మ పంతొమ్మిది వందల అరవైలో, వానాకాలంలో పోయింది. పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకొని సమాధుల తోట గోడ దాకా నడిచి, "ఈడ" అని ఒక చోట కాలితో చూపించింది. ఆమెను ఆ చోటు పక్కనే పడుకోబెట్టారు. రాయి నిలబెట్టారు. తారీకు కోసం శేషాచారి దగ్గరికి మళ్లీ పోతే, ఆయన ఉలి తీయకుండా చేతులు జోడించాడు. అందుకని రాజరత్నం తెల్ల పెయింటుతో తారీకు రాశాడు. వాన వచ్చి కడిగేసింది. మళ్లీ రాశాడు. మళ్లీ కడిగేసింది. ఆ రాతి మీద తారీకు నిలవదనీ, ఓబులమ్మ ఇంకా తాను పోయినట్లు ఒప్పుకోలేదనీ నంద్యాలలో అంటారు.

కొన్నాళ్లకు ఆయన పెయింటు మానేశాడు. శనివారం బడి నుంచి వచ్చాక కొబ్బరిపీచు పట్టుకొని పోయి అక్షరాలు తోమేవాడు. ఎం.ఏ.కు రెండో తడవ. ఒక శనివారం ఎంతసేపటికీ రాకపోతే రూతు వెదుక్కుంటూ పోయింది. సాయంత్రపు ఎండలో, ఆ నల్లరాతికి కణత ఆనించి ఆయన నిద్రపోతున్నాడు. రూతు భుజం తట్టింది.

"ఆళ్లగడ్డ వచ్చిందా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

రూతు ఆ పక్కనే, మామగారు పండుకొన్నారని అత్త చూపించిన చోటు తొక్కకుండా, కూచుంది.

"ఇంకా రాలేదు" అంది. "పండుకో."